వదులు వైరు, మాడే స్టీరియో

అండమాన్ ట్రంక్ రోడ్డుపై జరావా రిజర్వు అంచున ఉన్న జిర్కాటాంగ్‌లో కాన్వాయ్ కదిలేదాకా వాహనాలు ఆగాల్సిందే. ఇంజన్ ఆపి పాటలు వింటే బ్యాటరీ నీరసిస్తుంది. స్టార్టర్ తిరిగే క్షణంలో 12 వోల్టులు 9కో, ఇంకా కిందికో పడిపోతాయి. ఆ తర్వాత ఆల్టర్నేటర్ 14 దాకా లేపుతుంది. మంచి స్టీరియోకు ఇదో లెక్క కాదు. అసలు శత్రువు ఉప్పు గాలి. అది టెర్మినల్‌ను తినేసి, చార్జింగ్ జరుగుతుండగా బ్యాటరీ లింకు తెగితే వోల్టేజి రెప్పపాటులో 80 దాటొచ్చు. స్టీరియో మాడితే విడిభాగం చెన్నై నుంచో, విశాఖ నుంచో ఓడెక్కి రావాలి. ఫ్యూజు కాపాడుతుందనుకోవడం భ్రమ. అది అధిక కరెంటుకు తెగుతుంది, అదీ నిదానంగా. ఈ పోటును మింగేది టీవీఎస్ డయోడ్. అంతకన్నా చౌక వైద్యం టెర్మినళ్లను శుభ్రంచేసి, బిగించి, వాసెలిన్ పూయడం. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి ఆల్టర్నేటర్‌ను 'పరీక్షించే' మెకానిక్‌ను మాత్రం బానెట్ ముట్టుకోనివ్వకూడదు.