చివరి ఇరవై శాతం ఎండకు వదిలేయండి

పల్నాడులో జనరేటర్‌ను ఎవరికీ పరిచయం చేయక్కర్లేదు. మహాశివరాత్రికి కోటప్పకొండకు విద్యుత్ ప్రభలు తరలితే వాటి వెంట అదీ తరలాల్సిందే. ఆ అలవాటు వల్లే కావచ్చు, కృష్ణ ఒడ్డున ఒకటి రెండు రోజులు గుడారం వేసుకుని చిన్న పడవ నడుపుకుందామనుకునేవారికి బ్యాటరీ మాట రాగానే ముందు తట్టేది జనరేటరే. విజయపురి సౌత్ నుంచి నాగార్జునకొండకు వెళ్లే లాంచీలకు ఈ బెడద లేదు; డీజిల్ ఇంజను తిరుగుతుంటే దాని ఆల్టర్నేటరే బ్యాటరీని నింపుతుంది. తెడ్డుతో నడిచే పుట్టికి బ్యాటరీతో పనే లేదు. చిక్కంతా బ్యాటరీ మోటారు బిగించిన చిన్న పడవలదే. ఒక మాదిరి మోటారు కూడా పూర్తి వేగంలో 50 ఆంపియర్ల దాకా లాగుతుంది. 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ సగానికి దిగడానికి గంట చాలు. ఒడ్డున ప్లగ్గు ఉండదు కాబట్టి జనరేటర్ తెచ్చుకోవడంలో తప్పేమీ లేదు. దానితోనే బ్యాటరీని నిండా నింపాలనుకోవడం దగ్గరే లెక్క తప్పుతుంది.

చేతిలో పట్టుకెళ్లే చిన్న జనరేటర్లు చాలావాటికి పక్కన 12 వోల్టుల సాకెట్ ఒకటి ఉంటుంది. బ్యాటరీ కూడా 12 వోల్టులదే కదా అని నేరుగా అందులో తగిలిస్తారు. ఆ సాకెట్ ఇచ్చేది సాధారణంగా ఎనిమిది ఆంపియర్లు, అంటే సుమారు వంద వాట్లు. వెయ్యి వాట్ల యంత్రాన్ని వంద వాట్ల కోసం తిప్పడమన్నమాట. ప్రభ మీది దీపాలన్నీ వెలుగుతున్నప్పుడు జనరేటర్ తాగే ఇంధనానికి తగ్గ పని దొరుకుతుంది. ఇంత తక్కువ లోడు మీద తాగిన దాంట్లో ఎక్కువ భాగం ఇంజను తనను తాను తిప్పుకోవడానికే సరిపోతుంది. సగం దిగిన 100 ఏహెచ్ బ్యాటరీకి ఈ దారిలో కాగితం మీద లెక్కకే ఆరు గంటలు దాటుతుంది, నిజంగా ఇంకా ఎక్కువ. అదే జనరేటర్‌లో 230 వోల్టుల ప్లగ్గుకు మంచి 20 ఆంపియర్ల ఛార్జర్ తగిలిస్తే, యాభై శాతం నుంచి ఎనభైకి గంటన్నర, రెండు గంటల్లో ఎక్కుతుంది. జనరేటర్ మీద పడేది మూడు నాలుగు వందల వాట్లే.

ఎనభై దాటాక కథ మారుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ, అంటే మన ఇళ్లలో ఇన్వర్టర్ పక్కన ఉండే ట్యూబులర్ జాతిదే, నిండుతున్నకొద్దీ కరెంటు తీసుకోవడం తగ్గిస్తుంది. 14.4 వోల్టుల దగ్గర ఛార్జర్ నిలబడితే, ఇరవై ఆంపియర్లు పదికి, అయిదుకు, రెండుకు జారిపోతాయి. ఆ చివరి ఇరవై శాతం నాలుగైదు గంటలు తింటుంది. ఛార్జర్ ఎంత పెద్దదైనా తొందరపెట్టలేదు. అలాగని ఎనభై దగ్గరే ఆపేసి ఊరుకుంటే కుదరదు. రోజూ అరకొరగా ఎక్కించి వాడితే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి బ్యాటరీ ఏడాది తిరక్కుండానే చతికిలపడుతుంది. కాబట్టి చివరి భాగం కావాలి, కానీ నిదానంగా, తక్కువ కరెంటుతో కావాలి. ఆ పనికి ఎండ సరిగ్గా అతుకుతుంది. వంద వాట్ల సోలార్ పలక ఒకటి, చిన్న కంట్రోలర్‌తో, మన ఎండలో రోజుకు పాతిక ముప్పై ఏహెచ్ ఇస్తుంది. మిగిలిన ఇరవైకి అది చాలు.

పల్నాడు ఎండ గురించి ఒక మాట. వేసవిలో రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రత ఎక్కడంటే తరచూ వినిపించే పేరు రెంటచింతల. 45 డిగ్రీలు అక్కడ వింత కాదు. 14.4 వోల్టులన్నది 25 డిగ్రీలకు వేసిన లెక్క. ఒక్కో డిగ్రీ పెరిగినప్పుడు సుమారు 0.03 వోల్టు తగ్గించాలి. 40 డిగ్రీల నీడలో 14 దాటకూడదు. తగ్గించకపోతే నీళ్లు బుడగలై పోతాయి, డిస్టిల్డ్ వాటర్ పోస్తూ కూర్చోవాలి. జనరేటర్ సాకెట్‌కు ఈ సంగతులేవీ తెలియవు, కొన్నింటిలో అది వోల్టేజీని అదుపు కూడా చేయదు. ఉష్ణోగ్రత చూసుకునే ఛార్జర్‌కు తెలుసు. వేడికి సోలార్ పలక కూడా కాస్త నీరసిస్తుంది, నిజమే. ఆ నష్టం వందకు పది నుంచి ఇరవై పాళ్ల మధ్య ఉంటుంది.

ఎండే అంత మంచిదైతే జనరేటర్ ఎందుకని ఎవరైనా అడగొచ్చు. నాగార్జునసాగర్ గేట్లు ఎత్తే రోజులు సాధారణంగా వానాకాలంలోనే వస్తాయి, జనం కదిలేదీ అప్పుడే. మబ్బు పట్టిన రోజున సోలార్ పలక ఇచ్చేది నామమాత్రం. సగం దిగిన బ్యాటరీని ఆ పూటే లేపాలంటే జనరేటర్ తప్పదు. ఇంకో అభ్యంతరం లిథియం గురించి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ దాదాపు చివరిదాకా పూర్తి కరెంటు తీసుకుంటుంది, నింపకుండా వదిలినా అలగదు. దానికి నేను చెప్పిన చివరి ఇరవై శాతం బాధ లేదని ఒప్పుకోవాల్సిందే. కాకపోతే ధర ఎక్కువ, ఛార్జరూ దానికి తగ్గదే కొనాలి. ఏడాదికి రెండుసార్లు ఒడ్డుకు వెళ్లేవాడికి అది గిట్టుబాటు కాదు.

230 వోల్టుల వైపు మొగ్గడానికి మరో కారణం తీగ. సన్నటి ఇరవై మీటర్ల తీగలో 12 వోల్టులు పంపితే మూడు నాలుగు వోల్టులు దారిలోనే పోతాయి. 230 అయితే పోయేది ఒక్క వోల్టే. అందుకే 12 వోల్టుల సాకెట్ వాడేవారు జనరేటర్‌ను బ్యాటరీ పక్కనే, ఒక్కోసారి పడవలోనే పెట్టేస్తారు. ఛార్జింగ్‌లో బ్యాటరీ వదిలేది హైడ్రోజన్, పక్కన పెట్రోలు, నిప్పురవ్వలు పుట్టే యంత్రం. పొగలో వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, గుడారంలో నిద్రపోతున్నవారికి అది తెలియదు. పొడవాటి తీగతో జనరేటర్‌ను గుడారానికి కనీసం ఆరేడు మీటర్ల దూరాన, గాలి పోయే దిక్కున పెట్టొచ్చు. ముందు క్లిప్పులు బ్యాటరీకి, ఆ తర్వాతే ఛార్జర్ స్విచ్చి. విప్పేటప్పుడు స్విచ్చి ముందు. మాచర్ల పక్క అడవిలో కొంత నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలోది. అక్కడ అటవీశాఖ అనుమతి లేకుండా బస చేయకూడదు, రాత్రి పూట ఇంజను మోత అసలే తగదు. రెండు గంటల ఛార్జింగ్‌ను పొద్దు గుంకక ముందే ముగించుకోవచ్చు.