బుల్లి బస్సుకు పలుచని రంగు

హైదరాబాద్ రాంనగర్‌కు చేరువలో, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వద్దనున్న బస్ భవన్‌లో ‘డెక్కన్ క్వీన్’ అనే పాత ఆల్బియన్ బస్సును భద్రపరిచారు. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణాను ప్రారంభించిన నాటి ఈ బస్సును 1:24 నిష్పత్తిలో, అంటే ప్రతి కొలతనూ ఇరవై నాలుగో వంతుకు కుదించి, ప్లాస్టిక్ నమూనాగా చేయదలిస్తే అన్నీ చిన్నవవుతాయి గాని రంగు పొర మందం దానంతటదే తగ్గదు. నమూనాపై 0.1 మిల్లీమీటరు మందాన పడిన రంగు అసలు బస్సుపై 2.4 మిల్లీమీటర్ల పూతతో సమానం కనుక తలుపుల సందులు, రివెట్ల వరుసలు పూడుకుపోతాయి. ఎనామిల్‌ను పలుచన చేసి ఎయిర్‌బ్రష్‌తో, అంటే కంప్రెసర్ గాలితో రంగును తుంపరగా చల్లే కలంలాంటి పరికరంతో, వేయడం ఇందుకే.

ఎనామిల్‌లో రంగుపొడి, దానిని పట్టి ఉంచే ఆల్కిడ్ రెసిన్, మినరల్ టర్పెంటైన్ వంటి ద్రావకం ఉంటాయి. ద్రావకం ఆవిరైనప్పుడు పూత పైకి ఆరినట్లు కనిపించినా, రెసిన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పూర్తిగా గట్టిపడటానికి రోజులు పడుతుంది.

డబ్బా అడుగున పేరుకున్న రంగుపొడి ఉండలు లేకుండా కలిసేదాకా కలియబెట్టి, సన్నని నైలాన్ గుడ్డలో వడకట్టిన తరువాత, రెండు పాళ్ల రంగుకు ఒక పాలు టర్పెంటైన్‌తో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి సమపాళ్ల వరకు కొద్దికొద్దిగా పోయాలి. గిన్నె గోడ మీదికి పుల్లతో లాగిన రంగు పాలలా జారి, వెనుక పలుచని పొరను వదిలితే పదును కుదిరినట్లే. 0.3 మిల్లీమీటర్ల నాజిల్‌కు 15 నుంచి 20 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) గాలి ఒత్తిడి సాధారణంగా సరిపోతుంది. రంగు చిక్కబడితే చుక్కలుగా ఉమ్ముతుంది, మరీ నీళ్లయితే సాలీడు కాళ్లలా పాకుతుంది. కాబట్టి ముందుగా పనికిరాని ప్లాస్టిక్ ముక్కపై చల్లి చూడాలి.

హైదరాబాద్ మే నెల ఎండల్లో తుంపర దారిలోనే ఆరి గరుకు పొడిగా పడవచ్చు. అప్పుడు మరికొంత టర్పెంటైన్ కలిపి, ఎయిర్‌బ్రష్‌ను నమూనాకు కాస్త దగ్గరగా పట్టాలి. త్వరగా ఆరుతుందని ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగులకు వాడే థిన్నర్ కలిపితే, అది ప్లాస్టిక్‌ను కరిగించే ప్రమాదం ఉండటమే కాక, వానాకాలంలో వేగంగా ఆవిరై ఉపరితలాన్ని చల్లబరచడం వల్ల గాలిలోని తేమ పూతపై చేరి రంగు తెల్లగా పాలిపోవచ్చు.

ఒకేసారి తడిసేలా కాక పలుచని పొరలుగా వేయాలి. సగం గట్టిపడిన ఎనామిల్‌పై కొత్త పూత వేస్తే దానిలోని ద్రావకం కింది పొరను ఉబ్బించి ముడతలు పెడుతుంది కనుక, తరువాతి పూత కొద్ది గంటల్లోనైనా వేయాలి, లేదా కొన్ని రోజులు ఆగి పూర్తిగా గట్టిపడ్డాకనైనా వేయాలి. టర్పెంటైన్ ఆవిరి మండే స్వభావం కలది. అందువల్ల ఈ పని పొయ్యికి దూరంగా, గాలి ఆడే చోట, ద్రావకపు ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు ధరించి చేయాలి. రంగంటిన గుడ్డలు కుప్పగా పడి ఉంటే వాటంతటవే వేడెక్కి అంటుకునే వీలుంది కాబట్టి, వాటిని విడివిడిగా పరిచి ఆరనిచ్చాకే పారవేయాలి.