బొంగరంలో దాగిన గారె

నిజం చెప్పొద్దూ, ఇంజినీరింగ్‌లో డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ పాసయ్యానే గానీ అవి దేని గురించో నాకు అర్థం కాలేదు. సోఫియా కోవలెవ్‌స్కయా కథ చదివాకే ఆ లెక్కల వెనక ఓ బొమ్మ ఉందని తెలిసింది.

మొన ఒకేచోట ఆనించి బొంగరాన్ని తిప్పాం అనుకోండి. మరుక్షణం అది ఎటు ఒరుగుతుంది? ఈ సమీకరణాలు 18వ శతాబ్దంలోనే ఉన్నాయి. కానీ రాయడం వేరు, విప్పడం వేరు. ఆయిలర్ ఒక రకం బొంగరాన్ని, లగ్రాంజ్ ఇంకో రకాన్ని విప్పారు. ఆ తర్వాత వందేళ్ల పాటు బండి అక్కడే ఆగిపోయింది.

చిక్కెక్కడంటే, బొంగరం స్థితి చెప్పడానికి ఆరు అంకెలు కావాలి. అవన్నీ క్షణక్షణం మారతాయి. అయితే వాటితో కట్టే కొన్ని లెక్కలు మాత్రం మారవు. మొత్తం శక్తి అలాంటిదే. ఇలాంటివి మూడు ఎప్పుడూ ఉంటాయి. నాలుగోది దొరికితే పంట పండినట్టే! ఎందుకంటే మారని లెక్క ఒక్కోటీ ఒక్కో దారి మూసేస్తుంది. ఆరులో నాలుగు పోతే మిగిలేది రెండు. అంటే ఒక ఉపరితలం. మామూలుగా దాని ఆకారం అచ్చం మన గారె!

గారె పైపొరను కోసి పరిస్తే ఫోన్ స్క్రీన్‌లా ఉంటుందనుకోండి. గోడల్లేని స్నేక్ గేమ్‌లో పాము కుడి అంచు దాటి ఎడమ నుంచి వస్తుందే, అలాగన్నమాట. సరైన కొలతలు ఎంచుకుంటే బొంగరం తిప్పలన్నీ ఆ తెర మీద ఒకే వేగంతో సాగే తిన్నని గీత. దీన్నే లియూవిల్–ఆర్నాల్డ్ సిద్ధాంతం అంటారు.

సోఫియా 1850లో మాస్కోలో పుట్టారు. అక్కడి యూనివర్సిటీలు ఆడవాళ్లకు మూసి ఉండేవి. విదేశం వెళ్లి చదవడానికే పేరుకో పెళ్లి చేసుకున్నారు. బెర్లిన్‌లోనూ క్లాసులోకి రానివ్వకపోతే వయర్‌స్ట్రాస్ విడిగా పాఠాలు చెప్పారు.

ఆమె వేసిన ఎత్తు విచిత్రం. కాలాన్ని కూడా కాంప్లెక్స్ నంబర్‌గా తీసుకుని, అక్కడా సమాధానాలు అదుపు తప్పని బొంగరాల కోసం వెతికారు. మూడో రకం దొరికింది! దాని మూడు జడత్వాల నిష్పత్తి 2:2:1. బరువు కేంద్రం నడిమి అక్షం మీద కాకుండా పక్కకు ఉంటుంది.

1888లో ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ బోర్డిన్ బహుమతికి పంపారు. పోటీలో పేరు రాయకూడదు. పని నచ్చి 3,000 ఫ్రాంకుల బహుమతిని 5,000 చేశారు. మూడేళ్లు నిండకముందే, 41 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు.

ఎలా తిప్పినా బీజగణిత రూపంలో ఆ నాలుగో లెక్క ఉండే రకాలు ఈ మూడేనని తర్వాత రుజువైంది. అంటే వెతకడానికి మిగిలింది ఒక్కటే. దాన్ని పట్టుకున్నది, క్లాసులో కూర్చోనివ్వని అమ్మాయి.