సెకనును వంద కోట్ల ముక్కలు చేస్తే

సెకనులో వంద కోట్లవ వంతు నానోసెకను. అంతలో కాంతి ప్రయాణించేది దాదాపు 30 సెంటీమీటర్లే. అమెరికా నౌకాదళంలో పనిచేసిన కంప్యూటర్ శాస్త్రవేత్త గ్రేస్ హాపర్ అంత పొడవున్న తీగ ముక్కల్ని ఉపన్యాసాల్లో పంచిపెట్టి, నానోసెకను అంటే ఇదీ అని చూపించేవారు. నేటి 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు ఒక్క టిక్కుకు అందులో మూడో వంతు చాలు. అంత చిన్న పనికి ఎంత సమయం పట్టిందో కొలవబోయినవాళ్లకు ఎదురైన వింతలివి.

టీవీ ఇచ్చిన టిక్కు

1981లో వచ్చిన ఐబీఎం పీసీ గడియారం సెకనుకు 18.2 సార్లు కొట్టుకునేది. ఇరవై కాదు, పద్దెనిమిదీ కాదు! అమెరికా కలర్ టీవీ సంకేతానికి సరిపోయే 14.318 మెగాహెర్ట్జ్ స్ఫటికాన్నే ఆ పీసీలో ఈ గడియారానికీ వాడారు. దాన్ని 12తో, ఆపైన 65,536తో భాగిస్తే మిగిలేది ఆ 18.2. అంటే టిక్కుకూ టిక్కుకూ మధ్య 55 మిల్లీసెకన్లు.

ఆ 55 తర్వాత ఒక పెద్ద చిక్కే తెచ్చింది. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో టర్బో సీ నేర్చుకున్నవారికి బోర్లాండ్ పేరు తెలుసు. ఆ కంపెనీదే టర్బో పాస్కల్ కూడా. అందులోని సీఆర్‌టీ అనే భాగం, ప్రోగ్రాం మొదలవగానే ఒక టిక్కులో ఖాళీ లూపు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి, 55తో భాగించి, మిల్లీసెకనుకు ఎన్నో తేల్చుకునేది. జవాబు 16 బిట్లలో, అంటే 65,535 లోపు ఇమడాలి. ప్రాసెసర్ వేగం 200 మెగాహెర్ట్జ్ దరిదాపులకు చేరాక జవాబు ఆ హద్దు దాటింది. నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రాములు కొత్త మెషీన్ మీద ‘రన్‌టైమ్ ఎర్రర్ 200’ అంటూ ఆగిపోయాయి. ఆ నంబరుకు అర్థం సున్నాతో భాగహారం. సున్నా మాత్రం ఎక్కడా లేదు!

195 ఏళ్ల లెక్క, 49 రోజుల లెక్క

1993 నాటి పెంటియంతో ఇంటెల్ ప్రాసెసర్ టిక్కుల్ని నేరుగా చదివే ఆర్‌డీటీఎస్‌సీ ఆదేశం వచ్చింది. ఆ 64 బిట్ల లెక్క 3 గిగాహెర్ట్జ్ వేగంతో నిండి మళ్లీ సున్నాకు రావాలంటే సుమారు 195 ఏళ్లు కావాలి. విండోస్ 95లో మిల్లీసెకన్ల లెక్కకు ఉన్నవి 32 బిట్లే. 49.7 రోజులు ఆపకుండా నడిస్తే ఆ లెక్క నిండి కంప్యూటర్ బిగుసుకుపోయేది.

ఆర్‌డీటీఎస్‌సీతోనూ జాగ్రత్త అవసరమే. నేటి ప్రాసెసర్ ఆదేశాల్ని ఎప్పుడూ రాసిన వరుసలోనే చేయదు. కొలవాల్సిన పని పూర్తికాకముందే గడియారం చదివేయగలదు. అందుకే ముందూ వెనుకా ‘ఫెన్స్’ ఆదేశాలు పెట్టి ఆపాలి.

పేరు మారితే వేగం మారింది

యూజర్ పేరు వంటి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ కొంచెం పొడవైతే మెమరీలో స్టాక్ మొదలయ్యే చోటు జరుగుతుంది. అంతమాత్రానికే అదే ప్రోగ్రాం వేగం మారగలదని 2009లో మిట్కోవిచ్ బృందం పరిశోధనాపత్రంలో చూపించింది. కొలతల్లో ఇంతకంటే ఆశ్చర్యకరమైనది నాకు కనిపించలేదు. దీనికి దగ్గరగా రాగలిగేది ఒక్కటే: 2008 చివర్లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీర్ బ్రెండన్ గ్రెగ్ హార్డ్ డిస్కుల దగ్గర గట్టిగా అరిస్తే, అవి స్పందించడానికి పట్టే సమయం గ్రాఫులో ఎగబాకింది.

అర సెకను కాపాడింది

2024 మార్చిలో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ చిన్న చిన్న బెంచ్‌మార్కులు నడుపుతున్నారు. అందుకు మెషీన్ మీద వేరే పనులేవీ నడవకూడదు. కానీ దూరం నుంచి లాగిన్ అయ్యేందుకు వాడే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాం, తప్పు పేర్లతో వచ్చినవాళ్లను తిప్పి పంపడానికే ఎక్కువ సీపీయూ తినేస్తోంది. కొలిచి చూస్తే లాగిన్ సమయం 0.299 సెకన్ల నుంచి 0.807కు పెరిగింది. ఆయన దాన్ని వదిలేయలేదు. తవ్వితే ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దాచిన దొంగదారి బయటపడింది. ప్రధాన లినక్స్ పంపిణీల స్థిరమైన వెర్షన్లలోకి అది చేరకముందే తొలగించారు.