రాతి మీద రాతలు, కణితిలో రాతలు: కోల్‌కతా నేర్పే చదువు

కోల్‌కతాలో చౌరంగీ రోడ్డు మీద ఉన్న ఇండియన్ మ్యూజియంలో ఒక పెద్ద గది నిండా ఎర్రటి రాతి కంచె నిలబెట్టి ఉంటుంది. మధ్యప్రదేశ్‌లోని భర్హుత్ స్తూపం చుట్టూ ఒకప్పుడు ఉన్న ప్రాకారం అది. అదే మ్యూజియంలో మన అమరావతి నుంచి వెళ్ళిన శిల్పాలూ ఉన్నాయి. నగరానికి ఉత్తరంగా సుమారు 50 కిలోమీటర్లు వెళితే కల్యాణి పట్టణం వస్తుంది. అక్కడి జాతీయ బయోమెడికల్ జీనోమిక్స్ సంస్థలో శాస్త్రవేత్తలు నోటి క్యాన్సర్ కణితుల్లోని డీఎన్‌ఏను పరిశీలిస్తుంటారు.

శిల్పాలకూ కణితులకూ ఏమిటి సంబంధం? పైకి చూస్తే ఏమీ లేదు. చరిత్ర, వాస్తుశిల్పం, కళ ఒక దారి. క్యాన్సర్ జీవశాస్త్రం ఇంకో దారి. కాలేజీల్లో కూడా వీటిని వేర్వేరు భవనాల్లో చెబుతారు. కానీ పరిశోధకుడు చేసే పనిని దగ్గర నుంచి చూస్తే రెండు చోట్లా మూడు ప్రశ్నలు వినిపిస్తాయి. ఈ గుర్తు ఇంకెక్కడెక్కడ కనిపిస్తోంది? పోల్చి చూడటానికి మనకు ముందే తెలిసినది ఏముంది? ఈ ముక్క అసలు ఎక్కడిది? ఈ మూడు ప్రశ్నలూ ఎలా పనిచేస్తాయో చూద్దాం.

ఎవరూ చదవలేని లిపి

1784లో కలకత్తాలో విలియం జోన్స్ ఏషియాటిక్ సొసైటీని స్థాపించారు. ఆ తర్వాత దేశం నలుమూలల నుంచీ శాసనాల నకళ్ళు అక్కడికి చేరుతూ వచ్చాయి. ఢిల్లీ, అలహాబాద్ స్తంభాల మీద, సాంచీ రాళ్ళ మీద ఒకే రకం పాత లిపి కనిపించేది. చూడటానికి సూటి గీతలు, చిన్న చిన్న వంపులు. దాన్ని చదవగలిగినవారు మాత్రం అప్పటికి ఎవరూ మిగల్లేదు.

ఆ చిక్కు విప్పినవారిలో ముఖ్యుడు జేమ్స్ ప్రిన్సెప్. కలకత్తా టంకశాలలో నాణేల లోహాన్ని పరీక్షించే అధికారిగా పనిచేస్తూ, సొసైటీ కార్యదర్శి బాధ్యతలు కూడా చూసేవారు. 1834లో ఆయన అలహాబాద్ స్తంభం మీది అక్షరాలను విడదీసి, ఒక్కో అక్షరం ఎన్ని రూపాల్లో వస్తోందో పట్టిక వేశారు. మూల అక్షరానికి చిన్న గీతలు చేరి రూపం మారుతోందని తేలింది. మన గుణింతాల పద్ధతే ఇది. అంటే ఇది భారతీయ లిపుల కుటుంబానికి చెందినదే.

అసలు తాళంచెవి 1837లో దొరికింది. సాంచీ స్తూపం నుంచి చిన్న చిన్న శాసనాల నకళ్ళు చాలా వచ్చాయి. వాటిలో అనేకం ఒకే రెండక్షరాలతో ముగుస్తున్నాయి. మొదటి అక్షరానికి పక్కన గీత, రెండో దానికి చుక్క. ఒక పుణ్యస్థలంలో విడివిడి రాళ్ళ మీద, విడివిడి మనుషులు, చివర ఒకే మాట ఎందుకు రాయిస్తారు? ఈ రాయి తాము ఇచ్చిన కానుక అని చెప్పుకోవడానికే కావాలి. ఆ మాట 'దానం' అయి ఉండాలని ప్రిన్సెప్ ఊహించారు. గీత దీర్ఘానికి గుర్తు, చుక్క సున్నకు గుర్తు. దానికి ముందు తరచుగా వచ్చే అక్షరం 'స' అయితే 'ఫలానావారి దానం' అన్న అర్థం చక్కగా కుదురుతుంది. ఇలా తేలిన అక్షరాలను స్తంభాల మీద పెట్టి చూస్తే మిగతావీ ఒక్కొక్కటిగా విడివడ్డాయి.

ఇందులో ఇతరుల పాలు కూడా ఉంది. అంతకు ముందు ఏడాదే క్రిస్టియన్ లాసెన్ ఒక ఇండో గ్రీకు రాజు నాణెం సాయంతో ఆ లిపిలోని కొన్ని అక్షరాలను గుర్తించారు. ఆ నాణెం మీద అదే పేరు గ్రీకులోనూ ఉండటం కలిసొచ్చింది. ప్రిన్సెప్ పొరబడ్డ చోటూ ఉంది. శాసనాల్లోని 'పియదసి' సింహళ రాజని ఆయన మొదట అనుకున్నారు. సింహళంలో పనిచేసే జార్జ్ టర్నర్ పాళీ గ్రంథాలు చూసి, ఆ పేరు అశోకుడిదని చూపించారు. 1915లో మస్కీలో అశోకుడి పేరున్న శాసనం దొరకడంతో ఆ మాట మరింత బలపడింది. మన తెలుగు లిపి కూడా ఆ బ్రాహ్మీ నుంచి పుట్టినదే.

పేరున్న బొమ్మ, పేరులేని బొమ్మ

భర్హుత్ ప్రాకారాన్ని 1873లో అలెగ్జాండర్ కనింగ్‌హామ్ గుర్తించారు. దాని శిల్పాలకు ఒక ప్రత్యేకత ఉంది. చాలా బొమ్మల పక్కన అది ఏ కథో, అందులో ఉన్నది ఎవరో బ్రాహ్మీలో రాసి ఉంటుంది. కళాచరిత్ర పరిశోధకులకు ఇది పెద్ద వరం. బొమ్మకు పక్కనే పేరుంటే ఊహకు పని తగ్గుతుంది. ఇక్కడ పేరుతో సహా గుర్తించిన జాతక కథను మరోచోట పేరులేని శిల్పంలోనూ పోల్చుకోవచ్చు.

తెలిసినదాన్ని పక్కన పెట్టుకుని తెలియనిదాన్ని చదవడం అంటే ఇదే. ప్రయోగశాలలోనూ ఇదే జరుగుతుంది. ఏ కొలతకైనా ముందు ఒక ప్రామాణిక నమూనా కావాలి.

చోటు తప్పిన రాయి

మూడో ప్రశ్నకు జవాబు అమరావతి చెబుతుంది. 18వ శతాబ్దం చివర అక్కడి దిబ్బను తవ్వి కొత్త కట్టడాలకు రాళ్ళు తీసుకుపోతున్న రోజుల్లో సర్వే అధికారి కాలిన్ మెకంజీ ఆ చోటు చూశారు. ఆయన సేకరణలకు వెన్నెముక ఏలూరుకు చెందిన కావలి సోదరులు. పెద్దవాడు వెంకట బొర్రయ్య 1803లోనే కన్నుమూస్తే, తమ్ముడు లక్ష్మయ్య ఆ పని కొనసాగించారు. 1816లో మెకంజీ బృందం అమరావతికి తిరిగి వచ్చేసరికి స్తూపం చాలావరకు చెదిరిపోయి ఉంది. మిగిలినదాన్ని వాళ్ళు కొలిచారు, రాయి రాయికీ బొమ్మలు గీశారు. కొన్ని రాళ్ళు కలకత్తా చేరాయి. తర్వాతి కాలంలో బయటపడినవి మద్రాసుకు, లండన్‌కు వెళ్ళాయి.

ఒకే స్తూపం ఇలా మూడు నాలుగు నగరాలకు పంచుకుపోయింది. రాయి భద్రంగానే ఉన్నా అది కట్టడంలో ఏ వైపు, ఏ వరుసలో, దేని పక్కన నిలిచిందన్న సంగతి చాలాచోట్ల పోయింది. అందుకే 1816 నాటి నకళ్ళు ఈ రోజుకీ విలువైనవి. తర్వాత కనబడకుండా పోయిన రాళ్ళు వాటిలో బొమ్మలుగా మిగిలాయి.

ఇంకో ఆధారం శిల్పాల్లోనే ఉంది. అమరావతి ఫలకాల్లో కొన్నింటి మీద స్తూపాన్నే చెక్కారు. గుమ్మటం, చుట్టూ ప్రాకారం, ద్వారాల దగ్గర సింహాలు, ఒక్కో దిక్కున అయిదేసి ఆయక స్తంభాలు వాటిలో కనిపిస్తాయి. సుమారు 50 మీటర్ల వ్యాసం ఉన్న ఆ కట్టడం రూపాన్ని వాస్తు చరిత్రకారులు ఊహించుకోగలిగారంటే, ఈ ఫలకాలూ నేలమీద మిగిలిన పునాదుల కొలతలూ కలిసి చెప్పిన సాక్ష్యమే కారణం.

కణితిలోని అక్షరాలు

ఇప్పుడు కల్యాణి వెళ్దాం. మన శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ డీఎన్‌ఏ ఉంటుంది. దాన్ని నాలుగే అక్షరాలతో రాసిన సుమారు 300 కోట్ల అక్షరాల పుస్తకం అనుకోవచ్చు. కణం రెండుగా చీలే ముందు ఆ పుస్తకానికి నకలు తీయాలి. నకలులో తప్పులు దొర్లుతాయి. పొగాకులోని రసాయనాలు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు కూడా అక్షరాలను చెడగొడతాయి. ఈ మార్పులనే ఉత్పరివర్తనాలు అంటాం. చాలా మార్పుల వల్ల ఏమీ కాదు. కొన్ని మాత్రం కణం పెరుగుదలకు ఉన్న కళ్ళెం తెంపేస్తాయి. అలా క్యాన్సర్‌ను ముందుకు నడిపే మార్పులను చోదక మార్పులు అంటారు. వాటి వెంట ఊరికే వచ్చేవి ప్రయాణికులు.

ఒక రోగి కణితిలో వందల మార్పులు దొరకవచ్చు. బండి తోలుతున్నది ఎవరు, వెనక కూర్చున్నది ఎవరు అన్నది ఆ ఒక్క కణితిని చూసి చెప్పడం కష్టం. ప్రిన్సెప్‌కు ఒక్క సాంచీ రాయి చాలనట్టే ఇక్కడా ఒక్క కణితి చాలదు. పలువురు రోగుల్లో, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, అదే జన్యువు మళ్ళీ మళ్ళీ చెడుతోందంటే అక్కడ ఆగి చూడాలి.

అంతర్జాతీయ క్యాన్సర్ జీనోమ్ కన్సార్షియంలో భారత్ చేపట్టిన పని సరిగ్గా ఇదే. మన దేశంలో ఎక్కువగా కనిపించే చిగుళ్ళ, బుగ్గల క్యాన్సర్‌ను ఎంచుకున్నారు. కల్యాణి సంస్థ, నవీ ముంబైలోని టాటా మెమోరియల్ కేంద్రం పరిశోధనా విభాగం కలిసి పనిచేశాయి. ముందుగా 50 మంది రోగుల కణితుల్లో, ప్రోటీన్ల తయారీకి సూచనలిచ్చే డీఎన్‌ఏ భాగాన్ని చదివారు. అందులో తేలినదాన్ని మరో 60 మంది రోగుల్లో సరిచూశారు. ఫలితాలు 2013లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చాయి.

తల మెడ క్యాన్సర్లలో అప్పటికే తెలిసిన టీపీ53, ఫ్యాట్1, క్యాస్ప్8, హెచ్‌రాస్, నాచ్1 జన్యువులు ఇక్కడా కనిపించాయి. పేరు రాసి ఉన్న భర్హుత్ బొమ్మల్లాంటివి ఇవి. ఉదాహరణకు డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు కణాన్ని ఆపడం టీపీ53 పని. పనికిరాని కణం తనంతట తాను చచ్చిపోవడానికి క్యాస్ప్8 తోడ్పడుతుంది. వీటితో పాటు యూఎస్‌పీ9ఎక్స్, ఎంఎల్‌ఎల్4, ఏఆర్ఐడీ2, యూఎన్‌సీ13సీ, టీఆర్‌పీఎం3 అనే మరో అయిదు జన్యువులు ఈ రకం క్యాన్సర్‌లో తరచుగా మారుతున్నట్టు కొత్తగా బయటపడింది.

మూడో ప్రశ్న సంగతి? ప్రతి కణితితో పాటు అదే రోగి రక్తంలోని డీఎన్‌ఏను కూడా చదివారు. రక్తంలోనూ ఉన్న మార్పు సాధారణంగా పుట్టుకతో వచ్చినదే. కణితిలో మాత్రమే ఉంటే తర్వాత వచ్చింది. రక్తం నమూనా లేని కణితి చోటు తప్పిన అమరావతి రాయి లాంటిది. అందులో ఏముందో కనిపిస్తుంది, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

పోలిక ఎక్కడ ఆగుతుంది?

ఈ పోలికకు ఒక హద్దు ఉంది. శాసనాన్ని ఒక మనిషి ఏదో చెప్పాలని రాయించాడు. కణితిలోని మార్పును ఎవరూ రాయలేదు, దానికి ఉద్దేశం ఉండదు. కాబట్టి మళ్ళీ మళ్ళీ కనిపించడం ఒక్కటే రుజువు కాదు. చాలా పొడవైన జన్యువులో కాకతాళీయంగానే ఎక్కువ తప్పులు పడతాయి. అందుకే అనుకోకుండా ఎన్ని తప్పులు పడవచ్చో ముందుగా లెక్కగట్టి, అంతకు మించి ఉంటేనే అనుమానిస్తారు. ఆ తర్వాత కూడా ఆ జన్యువు కణంలో చేసే పనిని ప్రయోగాల్లో చూడాలి.

గతం మిగిల్చే జాడ

కణితి కూడా ఒక చారిత్రక పత్రమే. పొగాకు పొగ డీఎన్‌ఏలో ఒక రకం అక్షర మార్పును ఎక్కువగా మిగిలిస్తుంది. ఎండ ఇంకో రకాన్ని మిగిలిస్తుంది. ఆ జాడలను బట్టి, కణితి కనబడటానికి ఏళ్ళ ముందు ఆ కణం మీద ఏ దెబ్బ పడిందో కొంతవరకు చెప్పవచ్చు.

డీఎన్‌ఏ చదివే యంత్రాలు లేని రోజుల్లో కూడా అలవాటుకూ క్యాన్సర్‌కూ ఉన్న ముడిని వైద్యులు పట్టుకున్నారు. ఉత్తర కోస్తాలో చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు, ముఖ్యంగా ఆడవాళ్ళలో, ఉండేది. అది అంగిలి క్యాన్సర్‌కు కారణమవుతోందని 1957లోనే ఒక వైద్య పరిశోధనా పత్రం చెప్పింది. అక్కడా దారి అదే. ఒక్క రోగిని కాదు, పలువురిని చూశారు. వాళ్ళందరిలో ఉమ్మడిగా ఉన్నది ఏమిటని అడిగారు.

మన చేతిలో ఉన్నది

కోల్‌కతాలో చిత్తరంజన్ క్యాన్సర్ ఆసుపత్రిని 1950లో ఐరీన్ జోలియో క్యూరీ ప్రారంభించినప్పుడు, క్యాన్సర్‌ను అక్షరం అక్షరంగా చదవగలమని ఎవరూ అనుకొని ఉండరు. ఈ రోజు చదవగలుగుతున్నాం. చదివిన ప్రతి జన్యువుకూ మందు ఇంకా లేదు. అయితే నోటి క్యాన్సర్‌ను చాలావరకు రాకుండా చూసుకోవచ్చు, తొందరగా కనిపెడితే నయమయ్యే అవకాశం ఎంతో ఎక్కువ.

గుట్కా, ఖైనీ, జర్దా కిళ్ళీ, చుట్ట, బీడీ, సిగరెట్ అన్నీ ప్రమాదమే. పొగాకు కలపకపోయినా వక్క నమలడం క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లోనే ప్రకటించింది. నోట్లో రెండు మూడు వారాలైనా మానని పుండు, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం, గడ్డ, మింగడానికి ఇబ్బంది వంటివి కనిపిస్తే డాక్టరుకు చూపించాలి. అలవాటు ఉన్నవాళ్ళు నెలకోసారి అద్దం ముందు నిలబడి బుగ్గల లోపల, చిగుళ్ళ మీద, నాలుక కింద చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు.

సాంచీ రాళ్ళ మీది రెండక్షరాలు ఎన్నో శతాబ్దాల తర్వాత చదివినా అర్థం చెడలేదు. నోట్లో కనిపించే మచ్చకు అంత ఓపిక ఉండదు.