రీడ్లు పోయినా తిత్తి మిగిలింది

మా ఊరి భజన మందిరంలోని హార్మోనియం వానాకాలం వచ్చిందంటే మొరాయిస్తుంది. చెమ్మకు రీడ్లు కిలుముపట్టి అపశ్రుతి పలుకుతాయి. అకార్డియన్‌దీ అదే జాతి. 1829లో వియన్నాలో సిరిల్ డెమియన్ దానికి పేటెంటు పొందిన నాటినుంచీ కీలకమొకటే: తిత్తి తోసిన గాలికి రీడ్లు కంపించి స్వరం పుడుతుంది.

2004లో రోలాండ్ కంపెనీ తెచ్చిన వి-అకార్డియన్‌లో ఆ రీడ్లే లేవు! తిత్తి మాత్రం ఉంది. అందులోని గాలి ఒత్తిడిని సెన్సారు కొలుస్తుంది. దాన్నిబట్టి చిప్పు లెక్కగట్టి ధ్వనిని తయారుచేస్తుంది.

లాభాలా? శ్రుతి చెడదు. హెడ్‌ఫోను తగిలించుకుంటే హాస్టల్లో అర్ధరాత్రి సాధన చేసినా పక్కగదివాడు తిట్టడు. ఒకే పెట్టెలో ఇటలీ, ఫ్రాన్సు అకార్డియన్ల గొంతులు పలుకుతాయి. ఎడమచేతి బటన్లను, ఒక్కటి నొక్కితే మొత్తం కార్డు పలికే స్ట్రడెల్లా పద్ధతినుంచి, బటనుకొక స్వరం పలికే ఫ్రీబేస్‌కు మార్చుకోవచ్చు.

మరి నష్టమో? బ్యాటరీ అయిపోతే మూగదే. రైతు బిడ్డను గనుక నాకిది బాగా తెలుసు. కరెంటు పోతే మోటారు నీళ్లివ్వదు గదా! హార్మోనియం రీడును మా నాన్న బ్లేడుతో గీకి సరిచేస్తాడు. చిప్పు చెడితే ఆ పప్పులుడకవు.

అయినా ఒక్కమాట. రీడ్లు తీసేసిన ఇంజనీర్లు తిత్తి జోలికి పోలేదు. స్వరానికి ఊపిరి పోసేది వాయించేవాడి చెయ్యేనని వాళ్లకూ తెలుసు.