ఏడవ మునక వరకు



"దేవుడు నన్ను బాగుచేశాడని నమ్ముతున్నాను. ఇంకా మాత్రలు మింగుతూ ఉంటే అది అవిశ్వాసం కాదా?" క్షయ వ్యాధికి మందులు వాడుతున్న విశ్వాసులు అడిగే ప్రశ్న ఇది. అడిగేవారు ప్రార్థనాపరులు, మంచి మనసుతో అడిగేవారు. అందుచేత దీన్ని తేలికగా కొట్టిపారేయకూడదు. మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకే జ్వరం పోతుంది, దగ్గు తగ్గుతుంది, ఆకలి వేస్తుంది, ఒళ్ళు చేస్తుంది. ఆదివారం గుడిలో నిలబడి సాక్ష్యం చెబుతారు. ఆ సాక్ష్యం నిజమే. అయితే ఆ వారమే మాత్రలు ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు.

ఈ ప్రశ్నలో విశ్వాసం ఒకవైపు, విధేయత మరొకవైపు నిలబడ్డాయి. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదన్నట్టు. కానీ లేఖనాలు ఈ రెంటినీ ఇలా విడదీయవు. అసలు మన తెలుగు కూడా విడదీయదు. "మా వాడు మాట వినడు" అంటే వాడికి చెవుడు అని కాదు గదా, చెప్పింది చేయడు అని. హెబ్రీ భాషలోనూ వినడానికీ లోబడడానికీ ఒకటే మాట. అలాగే "విశ్వాసం గల పనివాడు" అంటే యజమాని ఉన్నాడని ఒప్పుకునేవాడు అని ఎవరూ అనుకోరు. యజమాని ఊళ్ళో లేకపోయినా పని సరిగా చేసేవాడు అని అర్థం. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం అబ్రాహాము విశ్వాసాన్ని గురించి చెప్పేటప్పుడు అతడు ఏమి అనుకున్నాడో చెప్పి ఊరుకోదు, పిలుపు విని లేచి బయలుదేరాడని చెబుతుంది. హారాను విడిచేనాటికి ఆయన వయస్సు 75 ఏళ్ళు.

ఈ సంగతి బాగా తెలియాలంటే 2 రాజులు 5వ అధ్యాయం తీసి చదవండి. సిరియా సైన్యాధిపతి నయమాను కుష్ఠరోగి. (బైబిలులో ఆ పేరుతో చెప్పినవన్నీ నేడు మనం కుష్ఠు అనే వ్యాధే కానవసరం లేదు. ఆ మాట పలు రకాల చర్మ రోగాలకు వాడారని పండితులు చెబుతారు.) వెండి, బంగారం, దుస్తులు బండ్లకెత్తుకుని వచ్చాడు. ఎలీషా గడప దాటి బయటికి రాలేదు. యొర్దానులో ఏడు మారులు స్నానం చేయమని మనిషి చేత కబురు పంపాడు, అంతే. నయమానుకు కోపం వచ్చింది. ప్రవక్త ఎదురుగా నిలిచి, దేవుని పేరు పిలిచి, రోగమున్న చోట చెయ్యి ఆడిస్తాడని అతడు అనుకున్నాడు. తమ దమస్కు నదులు ఇంతకంటె మంచివి కావా అన్నాడు. అతని కష్టం నీళ్ళలో దిగడం కాదు. చెప్పిన పని మరీ చిన్నదిగా, చప్పగా ఉండడం.

మాత్రల విషయంలోనూ ఇదే జరుగుతుంది. నలభై దినాల ఉపవాసం ఉండమంటే సిద్ధపడేవారు ఉన్నారు. రోజూ ఒకే వేళకు నాలుగు మాత్రలు, ఆరు నెలలు వేసుకోమంటే విసుగు.

అతడు మునిగాడు. మొదటి మునకకు కొంచెం, రెండో దానికి ఇంకొంచెం తగ్గిందని గ్రంథంలో ఎక్కడా లేదు. ఏడు మార్లు మునిగాక శరీరం పసిపిల్లవాని దేహంలా అయిందని మాత్రమే ఉంది. అయిదో మునక దగ్గర గట్టెక్కి వెళ్ళిపోయినవాణ్ణి గొప్ప విశ్వాసి అనగలమా? క్షయ రోగికైతే పరీక్ష మరో రకంగా వస్తుంది. అతనికి రెండో మునకకే బాగయినట్టు అనిపిస్తుంది, అక్కడే గట్టెక్కాలనిపిస్తుంది.

ఆరు నెలలు ఎందుకో చెబుతాం. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపి ఇస్తారు: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. ఇవి చురుకుగా పెరిగే క్రిముల్లో ఎక్కువ భాగాన్ని చంపేస్తాయి. అందుకే రోగికి హాయిగా ఉంటుంది. కానీ కొన్ని క్రిములు నిద్రపోతున్నట్టు కదలక మెదలక దాగి ఉంటాయి. అవి అప్పుడప్పుడూ మేలుకున్నప్పుడే మందుకు చిక్కుతాయి. వాటి కోసమే మిగిలిన నాలుగు నెలలు మూడు మందులు. మధ్యలో మానేస్తే ఆ దాగినవి మళ్ళీ పెరుగుతాయి. మానడం, మళ్ళీ మొదలుపెట్టడం, రెండు రోజులు వేసి నాలుగు రోజులు ఎగ్గొట్టడం చేస్తే మందుకు లొంగని క్రిములు తయారవుతాయి. అప్పుడు వేరే మందులు కావాలి, కొందరికి ఏడాదికి పైగా వాడవలసి వస్తుంది. ఆ మొండి క్రిమి దగ్గు ద్వారా మొదట అంటేది అదే గదిలో పడుకునే భార్యకో, పిల్లలకో, ముసలి తల్లికో. 'నా విశ్వాసం, నా ఇష్టం' అనడానికి ఈ జబ్బులో వీలు లేనిది ఇందుకే.

మన పెద్దల కాలంలో ఈ విధేయత ఇంకా కఠినంగా ఉండేది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషనులు కలిసి స్థాపించిన క్షయ ఆసుపత్రి 1915లో తెరిచారు. అప్పటికి క్షయకు మందే లేదు. విశ్రాంతి, గాలి, మంచి ఆహారం, అంతే. నెలల తరబడి మంచం దిగకుండా ఉండడమే రోగి చేయగలిగిన పని. స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నది 1943లో. 1956లో మద్రాసులో మొదలైన అధ్యయనం, మందులు క్రమంగా వాడితే ఇంటి దగ్గర ఉన్నా ఆసుపత్రిలో చేరినవారితో సమానంగా బాగవుతారని తేల్చింది. మంచం మీద పడి ఉండవలసిన అవసరం పోయింది. క్రమం మాత్రం పోలేదు.

ప్రార్థన చేయవద్దని మేము అనడం లేదు. మేమే వార్డులో ప్రార్థిస్తాం. హిజ్కియా ఏడ్చి ప్రార్థించాడు, దేవుడు ఆలకించాడు. అయినా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయమని చెప్పినది ఆ యెషయా ప్రవక్తే. పదిమంది కుష్ఠరోగులు (లూకా 17) యేసు మాట విని వెళుతూ ఉండగా శుద్ధులయ్యారు. ఆయన పంపినది ఎక్కడికి? యాజకుల దగ్గరికి. బాగయినవారిని పరీక్షించి సమాజంలో చేర్చుకునే బాధ్యత ధర్మశాస్త్రం వారికి ఇచ్చింది. అంటే బాగయ్యారని తేల్చే పరీక్షకు వారిని పంపినది స్వస్థపరచిన ప్రభువే. చికిత్స చివర తెమడ పరీక్షకు రమ్మంటే సందేహపడవలసినది ఏమీ లేదు.

ఇక మాత్రలు చెత్తబుట్టలో పారేసి "ఇదే నా విశ్వాసం" అనేవారి మాట. దేవాలయ శిఖరం మీద నుండి దూకమని సాతాను ప్రభువుతో అన్నప్పుడు లేఖనాన్నే చూపించాడు. ప్రభువు దూకలేదు. తండ్రి మీద నమ్మకం లేక కాదు, తండ్రిని శోధించకూడదని. మాత్రలు పారేయమని మీకు ఎవరైనా చెబితే, ఎంత పేరున్న బోధకుడైనా సరే, ఈ మాట గుర్తుంచుకోండి.

విధేయతతో స్వస్థతను కొనుక్కోగలమని అనుకోవడం మరో చిక్కు. నయమాను తెచ్చిన కానుకలు ఎలీషా ముట్టుకోలేదు. మందులు సక్రమంగా వాడినా, కన్నీటితో ప్రార్థించినా బాగుపడనివారు ఉన్నారు. పౌలు త్రోఫిమును మిలేతులో రోగిగానే విడిచి వచ్చాడు. తిమోతికి తరచుగా వచ్చే బలహీనతకు ఏమి పుచ్చుకోవాలో రాశాడు గాని అతని విశ్వాసాన్ని నిందించలేదు. తగ్గని రోగిని "నీ విశ్వాసం చాలలేదు" అని గుచ్చడం క్రూరత్వం.

ఇంకొకటి. నయమానును నీళ్ళలోకి దింపినది ప్రవక్త గద్దింపు కాదు, అతని దాసుల మెత్తని మాట. తండ్రీ అని పిలిచి, గొప్ప పని చెప్పి ఉంటే చేసేవాడివి గదా, ఈ చిన్నది చేయలేవా అని బతిమాలారు. మందులిచ్చే మేమైనా, ఇంట్లోవారైనా, సంఘకాపరులైనా అలాగే మాట్లాడాలి. పాస్టరుగారు ప్రార్థన ముగించి తలమీద చెయ్యి తీసేముందు "అమ్మా, ఈరోజు మాత్రలు వేసుకున్నావా?" అని అడిగితే, మేము పదిసార్లు చెప్పినదానికంటె ఎక్కువ పనిచేస్తుంది.

మందులు వాడుతున్నవారికి కొన్ని మాటలు. మూత్రం నారింజ రంగులో రావడం రిఫాంపిసిన్ వల్ల, భయం లేదు. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా మీ అంతట మీరు నిర్ణయించుకోకుండా అదే రోజు వైద్యునికి చూపించండి. ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెండింతలు వేసుకోవద్దు. చాలా రోజులు మానేసి ఉంటే సిగ్గుపడి ఇంట్లో కూర్చోవద్దు, వచ్చి నిజం చెప్పండి, తిట్టం. ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్ష, మందులు ఉచితం. పౌష్టికాహారానికి 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇస్తూ, 2024 నవంబరు నుండి 1000 చేశారు. ఆ సొమ్ము బ్యాంకు ఖాతాలో పడుతుంది కనుక పేరు నమోదు చేయించుకునేటప్పుడు పాసుపుస్తకం వెంట తెచ్చుకోండి.